టిఫిన్ డబ్బా మీద ఎర్ర టేపు

మా పాత టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక కథ మళ్లీ తిరుగుతోంది. కంపెనీ అమ్ముడుపోయిందన్న కోపంతో కోరుట్ల భాయ్ సిరిసిల్ల సేటు ఫోనులో ఒక కొంటె సందేశం పెట్టి, కొత్త యజమానుల ముందు దర్జాగా ఒప్పుకుని, ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి పోయాడని ఆ కథ. కింద చప్పట్ల బొమ్మలు, నవ్వుల బొమ్మలు. ఇటీవలే పనిలో చేరిన ఒకతను “ధైర్యం అంటే గిదీ” అని రాశాడు.

ఆ కథ వచ్చిన ప్రతిసారీ నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ని. ఎనిమిదేళ్లుగా పెడుతున్నాను. ఇక చాలు. ఆ కథలో సేటు నిజం, సందేశం నిజం, ఉద్యోగం పోవడమూ నిజం. మనిషే తప్పు. ఆ పని చేసింది భాయ్ కాదు, నేను. అందులో ధైర్యం అనదగ్గది ఏ కొంచెం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న వాళ్లకు మేం చేసింది ఏమిటో కొంచెం చెప్పాలి. ఆస్పత్రి, లాడ్జి, రైసు మిల్లు, బీడీల కంపెనీ, మెట్‌పల్లిలో పసుపు కొనే సావుకారు ఆఫీసు, ఎక్కడ నాలుగు గదులుంటే అక్కడ గోడకు మా డబ్బా ఒకటి ఉండేది. బయటి నుంచి వచ్చిన ఫోను లోపల ఏ గదిలో మోగాలో చూసుకునేది అదే. వాటిని తయారుచేసే కంపెనీ ఎక్కడో పెద్ద నగరంలో ఉండేది. మేం మాత్రం జగిత్యాలలో విత్తనాల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేవాళ్లం. టెక్నీషియన్లం ముగ్గురం. జగిత్యాల నాది. కోరుట్ల, మెట్‌పల్లి భాయ్‌వి. సిరిసిల్ల, గంభీరావుపేట వైపు చూసేది సిరిసిల్లాయన. ఫోన్లెత్తి కంప్లైంట్లు రాసుకునే అక్క ఒకామె. అంతే మా లోకం.

భాయ్ నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాకు పని నేర్పింది ఆయనే. మా నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. మొదటి రోజు నేను నిచ్చెన మీద వణుకుతుంటే, “తాళ్లెక్కెటోని కొడుకువు, నిచ్చెన మీద గిట్ల వణుకుతవేందిరా? మోకు తెచ్చుకోకపోయినవా?” అన్నది ఆయనే. ఆ మాట అంటూ నిచ్చెనను కింద గట్టిగా పట్టుకున్నదీ ఆయనే. ఆయనకు నలుగురు అన్నదమ్ములు. ఒకరు దుబాయి, ఒకరు మస్కట్, ఇద్దరు సౌదీ. “మా ఇంట్ల పాస్‌పోర్ట్ లేనోన్ని నేనొక్కన్నే” అని చెప్పుకునేవాడు. ఆయన చెప్పే తీరు చూస్తే అదేదో సర్కారు ఇచ్చిన బిరుదు అనుకోవాలి. రోజూ సాయంత్రం కోరుట్ల చేరి తల్లి చేతి రొట్టె తినడం ఆయనకు అన్నిటికంటే పెద్ద హోదా.

ఇక ఆయన గొంతు. గంగాళం అడుగు నుంచి వచ్చినట్టుండేది. మాటకు ముందు ఒక దగ్గు, “సునో”. చివర “సమజైందా?” కోరుట్ల నుంచి మెట్‌పల్లి దాకా సావుకార్లకు ఆ గొంతు మీదే నమ్మకం. నేను చెమటలు కారుస్తూ డబ్బా బాగుచేసినా, “ఒక్కసారి భాయ్‌ని అడుగరాదు” అనేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి, బయట వరండాలోకి వెళ్లి, లోపల కూర్చున్న సావుకారుకే భాయ్ గొంతుతో ఫోన్ చేశాను. “సునో. మా పిలగాడు మంచిగనే జేసిండు. సమజైందా?” కిటికీలోంచి చూస్తే ఆయన బుద్ధిగా తలూపుతున్నాడు. ఆ రోజు నుంచి ఆ గొంతు నా సంచీలో ఒక పనిముట్టు అయింది. మీటరు లేకపోయినా పనికి వెళ్లేవాణ్ని కాని ఆ గొంతు లేకుండా వెళ్లేవాణ్ని కాదు. భాయ్‌కు తెలియదనే అనుకున్నాను. “నిన్న ఫోన్ల మంచిగ సముదాయించినవ్ భాయ్” అని ఎవరైనా అంటే ఆయన ఒక్క క్షణం ఆగి, “ఆఁ, జెప్పిన” అనేవాడు.

కంపెనీ అమ్ముడుపోయిందన్న వార్త ఒక పొద్దున అక్క ఫోనులోకి వచ్చింది. ఆమె గట్టిగా చదివింది. భాయ్ చాయ్ కప్పు కింద పెట్టి అడిగాడు.

“మనల్ని గూడ అమ్మిండ్రా, ఉత్త డబ్బలనే అమ్మిండ్రా?”

అక్క ఫోనును పైకీ కిందికీ జరిపి చూసింది. “మన గురించి ఏం రాయలే భాయ్.”

“రాయలేదంటే ఉత్తగనే ఇచ్చిండ్రన్నట్టు.”

సిరిసిల్లాయన దీన్ని నవ్వులాటగా తీసుకోలేదు. తన మీటరు తన సొంతమని, అదీ అమ్మకంలో పోయిందేమోనని ఆయన భయం. బల్ల మీదున్న ఎర్ర టేపు చుట్ట తీసుకుని మీటరుకు, స్క్రూడ్రైవర్లకు, కటింగ్ ప్లేయరుకు, చివరికి తన చెప్పుల సంచికి కూడా టేపు చుట్టి తన పేరు రాసుకున్నాడు. పనిముట్లు అయిపోయేసరికి చుట్ట కూడా అయిపోయింది. మర్నాడు జ్వరమని ఫోన్ చేశాడు. జ్వరమని రాసుకుంటున్న అక్కకు ఫోనులో వెనక నుంచి “కరీంనగర్, కరీంనగర్” అని కండక్టరు కేక వినిపించింది. సీసీ కెమెరాల కంపెనీలో ఇంటర్వ్యూకు పోతున్నాడని మాకందరికీ తెలిసింది. అక్క రిజిస్టరులో మాత్రం జ్వరమనే ఉంచింది.

అక్క బాధ అక్కది. ఫోనెత్తగానే కంపెనీ పేరు చెప్పాలి. పాత పేరు పోయింది, కొత్త పేరు ఎవరూ చెప్పలేదు. అందుకని “నమస్తే” అని, పేరు రావలసిన చోట దగ్గి, “చెప్పండి” అనేది. వారం గడిచేసరికి నిజంగానే దగ్గు పట్టుకుంది.

ఇదంతా సరదాగానే సాగేది. కాని హైదరాబాదు నుంచి ఇంకో మాట వచ్చింది. కొత్త కంపెనీ సారు జగిత్యాలకు వస్తారట. ముగ్గురు టెక్నీషియన్లలో ఇద్దరిని ఉంచుకుంటారట. ఆ రోజు నుంచి మేం ఒకరినొకరం తిట్టుకోవడం మానేశాం. “నువ్వు ముందు తాగు”, “కాదు, నువ్వు కూసో” అని మర్యాదలు మొదలయ్యాయి. మా ఆఫీసులో అంతకంటే చెడ్డ గుర్తు నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఎర్ర టేపు సంగతి చెప్పాలి. ఫోన్ చేసినవాళ్లకు “నమస్కారం, ఫలానా కంపెనీ, ఆఫీసుకు ఒకటి నొక్కండి” అని తనంతట తాను పలికే ముక్క ఒకటి డబ్బాలో ఉంటుంది. దాన్ని వాయిస్ కార్డు అంటాం. కొత్త కార్డు రాగానే ఆఫీసు బల్ల మీద పెట్టి, ఏదో ఒకటి మాట్లాడి, పనిచేస్తుందో లేదో చూస్తాం. మాట్లాడిన వెంటనే దాని మీద ఎర్ర టేపు ముక్క అంటించాలి. లోపల చెత్త ఉంది, ఎవరికీ ఇవ్వొద్దని అర్థం. మాట్లాడినవాడే దాన్ని చెరపాలి, చెరిపినవాడే టేపు పీకాలి. వేరేవాడు ముట్టకూడదు. ఆ రూలు భాయ్‌ది. సిరిసిల్లాయన పాడిన బరాత్ పాట ఒక లాడ్జి ఫోనులో మూడు రోజులు మోగాక పెట్టిన రూలు అది.

సారు వచ్చే ముందు రోజు మధ్యాహ్నం సిరిసిల్లాయన మళ్లీ జ్వరంతో కరీంనగర్‌లో ఉన్నాడు. అక్క భోజనానికి ఇంటికి పోయింది. భాయ్ నమాజుకు వెళ్లాడు. బల్ల మీద సిరిసిల్ల బట్టల సేటుకు పంపవలసిన కొత్త కార్డు ఉంది. ఆఫీసులో నేనొక్కణ్నే. రెండు రోజులుగా ఎవరూ నవ్వలేదు. అందరినీ ఒకసారి నవ్విద్దామనుకున్నాను. నా మనసులో అంతకంటే దురుద్దేశం లేదు, నమ్మండి. దగ్గి, భాయ్ గొంతుతో మొదలుపెట్టాను.

“సునో. నమస్తే, సలాం. మీరు ఫోన్ జేసిన కంపెనీ అమ్ముడువోయింది. ఒకటి నొక్కితే పాత మాలిక్ పలుకడు. రెండు నొక్కితే కొత్త మాలిక్ దొరుకడు. మూడు నొక్కితే నేను పలుకుత, గని నన్ను గూడ అమ్మిండ్రో ఏమో తెల్వది. దయచేసి లైన్ల ఉండున్రి. నేను గూడ లైన్లనే ఉన్న. సమజైందా?”

విని నేనే పడీ పడీ నవ్వాను. బల్ల మీద మిగిలిన ఒకే ఒక్క టేపు ముక్కను కార్డుకు అంటించాను. అందరూ వచ్చాక వినిపిద్దామని భోజనానికి కూర్చున్నాను. తిన్నాక చూస్తే టిఫిన్ డబ్బా కొక్కెం ఊడిపోయింది. మిగిలిన పప్పు సంచీలోకి కారుతోంది. టేపు చుట్ట సిరిసిల్లాయన చెప్పుల సంచికి పోయింది. కార్డు మీది ముక్క పీకి డబ్బాకు అంటించాను. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను. ఇంతలో ఒక నర్సింగ్ హోం నుంచి ఫోను వచ్చింది. ఆపరేషన్ గదికీ మందుల గదికీ లైను కలవడం లేదట. డబ్బా అక్కడే వదిలి బండెక్కాను.

నేను తిరిగొచ్చేసరికి భాయ్ లేడు. కార్డూ లేదు. సేటు తొందరపెట్టాడని, సిరిసిల్లాయనకు జ్వరమని, భాయే కార్డు పట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాడని అక్క చెప్పింది. టేపు లేదు కాబట్టి లోపల ఏమీ లేదని ఆయన లెక్క.

సేటు ఆఫీసు సాంచాల షెడ్డుకు ఆనుకుని ఉంటుంది. ఆ మగ్గాల చప్పుడులో ఫోను మోగితే వినపడదు. అందుకే బెల్లుకు బదులు గోడ మీద ఎర్ర బల్బు పెట్టించాం. కార్డు పెట్టాక బయటి నుంచి ఫోన్ చేసి వినాలన్నది కూడా రూలే. భాయ్ ఫోన్ చేశాడు, బల్బు వెలిగింది. ఆ చప్పుడులో చెవికేమీ వినపడక, వెలిగింది చాల్లే అనుకుని వచ్చేశాడు. కార్డు పలకవలసిన మాటలు మర్నాడు తన బిడ్డ వచ్చి అందులో చెప్తుందని సేటు అన్నాడట.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకుంటే ఎర్ర టేపు కనిపించింది. కార్డు మీద ఉండవలసిన ముక్క అది. అప్పుడే భాయ్‌కు ఫోన్ చేసి ఉంటే ఈ కథే లేదు. తెల్లారి సేటు బిడ్డ వచ్చి మాట్లాడితే నా మాటలు వాటంతట అవే పోతాయనుకున్నాను. ఆ అమ్మాయి తొందరగా లేవాలని మాత్రం దేవుడికి మొక్కుకున్నాను.

ఆమె లేవకముందే నూలు పంపే వ్యాపారి లేచాడు. సేటుకు ఫోన్ చేసి, కంపెనీ అమ్ముడుపోయిందని చెవులారా విన్నాడు. సగం దారిలో ఉన్న నూలు లారీని వెనక్కి తిప్పించాడు. ఇంకో ఇద్దరు విన్నారు. వాళ్లు ఇంకో పదిమందికి చెప్పారు. ఎవరూ తన ఆఫీసుకు తానే ఫోన్ చేసుకోడు కదా, సేటుకు ఏమీ తెలియలేదు. పరామర్శకు మనుషులు రావడం మొదలయ్యాక తెలిసింది.

పది గంటలకు కొత్త కంపెనీ సారు మా ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. సిరిసిల్లాయనకు జ్వరం తగ్గింది, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే సేటు ఫోను. అక్క దగ్గి, చెప్పండి అన్నది. అవతలి నుంచి వచ్చిన మాటలకు రిసీవరు సారు చేతికిచ్చేసింది. సారు అంతా విని, క్షమాపణ చెప్పి పెట్టేశాడు. తర్వాత సేటు నంబరుకు తనే ఫోన్ చేసి స్పీకరు నొక్కాడు.

గదంతా భాయ్ గొంతు. నమస్తే, సలాం. సిరిసిల్లాయన మొదటి రెండు మాటలకు నవ్వి, సారును చూసి, నవ్వును దగ్గు చేసుకున్నాడు. భాయ్ తల కొంచెం వంచి, ఎవరో దూరపు చుట్టం మాట్లాడుతున్నట్టు విన్నాడు. ఒక్కచోట ఆయన కనుబొమ్మ లేచింది. ఆయన చూపు బల్ల మీదికి పోయింది. అక్కడ నా టిఫిన్ డబ్బా ఉంది. అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. వచ్చి, ఆగింది.

“ఇది మీ గొంతేనా?” అని సారు ఆయన్ని అడిగాడు.

“సేటు నాదే అంటున్నడు గద సార్. కార్డు పెట్టింది నేను. పెట్టినోడు వినాలె. నేను వినలే.” ఇంకా నన్నే చూస్తున్నాడు.

సారు నా వైపు తిరిగాడు. “దీని గురించి మీకేమైనా తెలుసా?”

నేను నోరు తెరిచాను. నిజమే చెప్పబోయాను, ఇప్పటికీ నా నమ్మకం అదే. కాని ముగ్గురిలో ఇద్దరు అన్న మాట గుర్తొచ్చింది. బయటికి వచ్చింది ఇది:

“చాయ్ చెప్పాల్నా సార్?”

సారు అక్కర్లేదన్నాడు. మధ్యాహ్నానికి ఆ ఇద్దరెవరో తేలిపోయింది. సిరిసిల్లాయన, నేను.

భాయ్ ఆ రోజే మళ్లీ సిరిసిల్ల పోయాడు. కార్డు మార్చి, ఈసారి రోడ్డు మీదికి వచ్చి చెవికి ఆనించి విని, సేటుకు దండం పెట్టి వచ్చాడు. మా కంపెనీలో ఆయన చివరి పని అదే. సేటు లారీ రెండు రోజుల్లో తిరిగొచ్చింది. భాయ్ ఉద్యోగం రాలేదు. ఆ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? కొన్ని నెలలు చూసి, అన్నదమ్ముల దారి పట్టడానికి పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. కోరుట్ల బస్టాండులో సాగనంపడానికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. బస్సు కదిలేదాకా ఆయన సామాను అటూ ఇటూ సర్దుతూనే ఉన్నాను.

ఐదేళ్ల తర్వాత ఆయన తిరిగొచ్చి కోరుట్లలో చిన్న దుకాణం పెట్టాడు. ఇంటర్‌కాములు, కెమెరాలు. మెట్‌పల్లి పోవాల్సి వస్తే నేను బస్సులో ఎడమవైపు కూర్చునేవాణ్ని. ఆయన దుకాణం కుడివైపు ఉంటుంది. కొత్త కంపెనీలో నా ఉద్యోగమూ పోయిన ఏడాదితో ముగిసింది. అందరి జేబుల్లో ఫోన్లున్నాక గోడ డబ్బాలు ఎవరికి కావాలి? తీరిక దొరికింది. గ్రూపులో ఆ కథ మళ్లీ వచ్చింది. నవ్వు బొమ్మ మీదికి వేలు పోలేదు. మర్నాడు పొద్దున కోరుట్ల బస్సెక్కాను.

భాయ్ గడ్డం తెల్లబడింది. గొంతు అలాగే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమని కూడా అనలేదు. మూల గోడకున్న నమూనా డబ్బా వైపు గడ్డంతో చూపించాడు.

“రిసీవర్ లేపి మూడు నొక్కు.”

నొక్కాను. సునో. నమస్తే, సలాం. ఎనిమిదేళ్ల కిందటి నేను, చివరిదాకా. డబ్బా మూత తెరిచి ఉంది. లోపల అదే కార్డు. దాని మీద ఎర్ర టేపు.

“గిరాకీలకు గిదే వినిపిస్త. నవ్వుతరు, కొనుక్కపోతరు” అన్నాడు. “గిది నా గొంతు కాదని ఏడ దొరికిందో ఎర్కనా నీకు? దయచేసి అన్నకాడ. నా నికాహ్‌ల గూడ నేను గా మాట అన్లే.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతివి భాయ్?”

“నేనెట్ల చెప్త? మాట్లాడినోడే చెరపాలె. రూల్ పెట్టింది నేనేనాయె. నీ డబ్బ మీద టేపు జూసిన. నీ దిక్కు జూసిన. నువ్వు చాయ్ అన్నవ్.” ఎదురు హోటలు వైపు చూశాడు. “గా చాయ్ ఇంక రాలే.”

ఎదురు హోటలుకు పోయి నేనే రెండు చాయ్‌లు పట్టుకొచ్చాను. నిలబడే అంతా చెప్పాను. పప్పు కారడం నుంచి బస్సులో ఎడమవైపు సీటు దాకా ఏదీ దాచలేదు. ఆయన చాయ్ ఊదుకుంటూ విన్నాడు. ఆ దేశంలో ఎట్లుండేదని అడిగాను.

“గీ పనే. పొద్దంత మందివి ఫోన్లు కలుపుడు. నా ఇంటికి శుక్రారం ఒక్కనాడే. మా అమ్మీ పోయిన్నాడు గూడ ఫోన్లనే ఉన్న.” చాయ్ పూర్తిచేసి గ్లాసు బోర్లించాడు. “లైన్ల ఉండున్రి అన్నవ్ గద. ఉన్న.”

తిట్టి ఉంటే బాగుండేది. నేను గ్లాసు పక్కన పెట్టి గోడ డబ్బా దగ్గరికి పోయాను. చెరిపేస్తానన్నాను. వద్దన్నాడు. గిరాకీ పోతుందట. దానికి ముందు నా సొంత గొంతుతో నేనెవరో చెప్పమన్నాడు.

రిసీవరు పట్టుకుని మొదలుపెట్టాను. దగ్గు వచ్చింది, సునో వచ్చింది. ఆయన గొంతే. చెరిపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆయన గొంతే. అప్పుడు భాయ్ నవ్వాడు. కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, “గింత అలవాటైందా రా నీకు?” అన్నాడు. మూడోసారి నా గొంతు దొరికింది. సన్నగా, బస్సులో చిల్లర అడిగినట్టు ఉంది. నా పేరు చెప్పాను. దీని తర్వాత వినిపించే గొంతు భాయ్‌ది కాదని, ఆయన గొంతుతో నేను మాట్లాడిందని, చెప్పవలసిన రోజు చెప్పలేదని, అందువల్ల ఆయన ఉద్యోగం పోయిందని అన్నాను.

భాయ్ రిసీవరు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఈసారి ఏ బల్బు వైపూ చూడలేదు.

“ఇగ లోపల చెత్త లేదు. టేపు పీకు.”

గోటితో పీకాను. ఎండిపోయిన జిగురు కార్డును పట్టుకుంది, టేపు ముక్కలు ముక్కలుగా వచ్చింది. చివరి ముక్క వేలికి అంటుకుని ఊడలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాను. భాయ్ నా భుజానికున్న టిఫిన్ సంచీ వైపు చూశాడు.

“డబ్బకు పెట్టుకో” అన్నాడు.